పాత గేమ్‌బాయ్‌కి కొత్త స్క్రీన్, చీకటి కోటకి రెండో పరీక్ష: ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

అమ్మ ఇంటికి సున్నాలు వేయిస్తోందని విజయవాడ వెళ్ళాను. అటక ఖాళీ చేస్తుంటే పాత ట్రంకు పెట్టెలో, నా పదో తరగతి గైడ్ల కింద, చెప్పుల అట్టపెట్టె ఒకటి దొరికింది. తెరిస్తే నా గేమ్‌బాయ్ అడ్వాన్స్, చేతిలో పట్టుకుని ఆడే నింటెండో వీడియో గేమ్ మెషిన్. ఊదా రంగు, ఒక మూలన గీత, వెనక బ్యాటరీ మూత లేదు. ఆఖరిసారి ఆడిన కార్ట్రిడ్జ్, అంటే ఆట ఉండే చిన్న బిళ్ళ, అందులోనే ఉండిపోయింది. కాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ద మూన్. డ్రాక్యులా కోటలో కొరడాతో పోరాడే ఆట.

2001 చివర్లో అన్నయ్య అమెరికా నుంచి మొదటిసారి సెలవులకి వచ్చినప్పుడు తెచ్చాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. పెట్టె విప్పి, సెల్స్ వేసి, ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే ఏమీ కనబడలేదు. పాట వినబడుతోంది, కొరడా చప్పుడు వినబడుతోంది, స్క్రీన్ మీద మాత్రం నల్లటి మరక లాంటిది ఏదో కదులుతోంది. పాడైన పీస్ వచ్చిందేమోనని అన్నయ్య మొహం వాడిపోయింది. దాన్ని పట్టుకుని డాబా మీదకి పరిగెత్తాను. ఎండ పడగానే కోట కనబడింది. అలా సంవత్సరం పాటు, రాత్రి జరిగే ఆ కథంతా మిట్టమధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఆడాను.

ఈ ఆట గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పే లోపం అదే, చీకటి. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ ఆ చీకటి ఆటదా, మెషిన్‌దా? ఈ ప్రాజెక్టు అది తేల్చుకోవడానికే. పాత మెషిన్‌కి వెనక నుంచి వెలుగొచ్చే కొత్త స్క్రీన్ వేస్తాను. ఆట మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ ఆడతాను. నిజంగా ఏది గొప్పగా ఉంది, ఏది బాగా లేదు అన్నది అప్పటికప్పుడు ఇక్కడ రాసుకుంటాను.

ఆదివారం

హైదరాబాద్ తిరుగు బస్సులో, తెలిసిన వివరాలన్నీ ఒక పేజీలో రాసిపెట్టుకున్నాను.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ జపాన్‌లో 2001 మార్చి 21న వచ్చింది, అమెరికాలో జూన్ 11న. సర్కిల్ ఆఫ్ ద మూన్ దానితో పాటే వచ్చిన మొదటి ఆటల్లో ఒకటి. చేసింది కొనామి అనే ఆటల కంపెనీ వాళ్ళ కోబే స్టూడియో. మెషిన్ స్క్రీన్ 2.9 అంగుళాలు, అడ్డంగా 240 పిక్సెళ్ళు, నిలువుగా 160. దానికి సొంత వెలుగు లేదు. బయటి కాంతి లోపలికెళ్ళి, వెనక పొర మీద పడి తిరిగొస్తేనే బొమ్మ కనిపిస్తుంది. అలా చేసినందుకు రెండు పెన్సిల్ సెల్స్‌తో పదిహేను గంటల దాకా నడిచేది. సెల్స్ ఆదా అయ్యాయి, కళ్ళు మాత్రం అలిసిపోయాయి.

లాంచ్ ఆట కాబట్టి, చేసినవాళ్ళకి మెషిన్ జనం చేతుల్లో ఎలా ఉంటుందో చూసే వీలే లేదు. వాళ్ళు వెలుగున్న మానిటర్ల ముందు కూర్చుని గోతిక్ కోటకి తగ్గ రంగులే వేశారు: ముదురు గోధుమ, బూడిద, నలుపులో కలిసిపోయే నీలం. ఆ రంగులు ఈ స్క్రీన్‌కి సరిపోలేదు. మరుసటి ఏడాది ఇదే సిరీస్‌లో వచ్చిన తర్వాతి ఆట హార్మనీ ఆఫ్ డిసోనెన్స్‌ని చూస్తే ఈ ఫిర్యాదు ఎంత బలంగా చేరిందో తెలుస్తుంది. అందులో రంగులన్నీ ప్రకాశంగా ఉంటాయి, హీరో చుట్టూ నీలం గీత కూడా గీశారు. 2003లో ఈ మెషిన్ కొత్త రూపం, గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, ముందు నుంచి పడే లైటుతో వచ్చింది. అప్పటికి నేను డాబా దిగి ఇంటర్ పుస్తకాల్లో పడ్డాను.

బుధవారం

కొత్త స్క్రీన్ కిట్ ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టాను. 720 అడ్డం, 480 నిలువు. అంటే పాత పిక్సెల్ ఒక్కోటి సరిగ్గా మూడు బై మూడు గడిగా వస్తుంది, బొమ్మ ఎక్కడా సాగదు. ఈ లెక్క కుదిరే కిట్ కోసమే కొంచెం ఎక్కువ పెట్టాను. పిక్సెల్ బొమ్మలు వేసినవాడు ఒక్కో చుక్కా చూసి పెట్టి ఉంటాడు, దాన్ని మసకబార్చే స్క్రీన్ వేస్తే చేసిన పనికి అర్థం ఉండదు.

మిగతా సామాన్ల కోసం సాయంత్రం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. సన్నటి సోల్డర్ వైరు, సోల్డర్ బాగా అతుక్కోవడానికి రాసే ఫ్లక్స్, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకున్నాను. మెషిన్ వెనక ఉండేవి మూడు కాళ్ళ స్క్రూలు, ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటాయి, వాటికి తగ్గ బిట్ కావాలి. అదీ దొరికింది. షాపాయన మెషిన్ తిప్పి చూసి, "ఇది ఇంకా నడుస్తదా అన్నా?" అన్నాడు. "నడిపిద్దామనే" అన్నాను. బిట్‌కి డబ్బులు తీసుకోలేదు.

రెండో శనివారం: శుభ్రం చేయడం

బ్యాటరీ గదిలో స్ప్రింగుల మీద తెల్లటి పొడి, అక్కడక్కడా పచ్చ చిలుము. సెల్స్ కారిపోయాయి. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దాన్ని విరిచేది పులుపు. ఇయర్ బడ్‌ని వెనిగర్‌లో ముంచి రాస్తే చిన్నగా నురగొచ్చింది. నాలుగైదు బడ్స్ అయ్యాక లోహం మెరుపు కనబడింది. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, గంట ఆరబెట్టాను. పవర్ స్విచ్‌లోకి రెండు చుక్కలు ఆల్కహాల్ వేసి ఇరవై సార్లు అటూ ఇటూ జరిపాను. కార్ట్రిడ్జ్ పిన్నులకీ అదే వైద్యం.

సెల్స్ వేసి స్విచ్ జరిపాను. టింగ్‌మని ఆ శబ్దం వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఒక్క శబ్దానికి ప్రాణం లేచొచ్చింది.

స్క్రీన్ మార్చకముందే ఒక పని చేయాలి. పాతది ఎలా ఉందో రాసుకోకపోతే కొత్తది ఎంత మారిందో ఎలా చెప్పగలను? అందుకే మొదటి ప్రాంతాన్ని, క్యాటకోంబ్ అనే భూగర్భ శ్మశానాన్ని, పాత స్క్రీన్ మీదే ఆడాను. హాల్లో ఎల్‌ఈడీ బల్బు కింద మెషిన్‌ని వంచుతూ, తిప్పుతూ కూర్చున్నాను. హీరో నేథన్ గ్రేవ్స్ కదిలితేనే కనిపిస్తున్నాడు, ఆగితే గోడలో కలిసిపోతున్నాడు. గబ్బిలం వచ్చిందని దెబ్బ తగిలాకే తెలిసింది. జాంబీలు నేలలోంచి లేచేటప్పుడు నేల ఏదో జాంబీ ఏదో విడదీయలేకపోయాను. బొమ్మ జరుగుతుంటే వెనక నీడలా మరక సాగుతోంది, స్క్రీన్ అంత నెమ్మది. ఇరవై నిమిషాలకి మెడ పట్టేసింది.

ఆదివారం: కోయడం, అతకడం

ఈ రోజు పని ఉదయం పదికి మొదలై రాత్రి ఎనిమిదికి అయింది.

వెనక స్క్రూలు విప్పి, మూత లేపి, బోర్డు బయటికి తీశాను. ఈ మెషిన్లలో రెండు రకాల బోర్డులున్నాయి. స్క్రీన్ స్ట్రిప్ దూరే కనెక్టర్‌కి ఒకదాంట్లో 40 పిన్నులు, ఇంకోదాంట్లో 32. నాది 40. కనెక్టర్‌కి రెండు వైపులా చిన్న లాక్ ఉంటుంది, దాన్ని గోటితో రవ్వంత పైకి జరపాలి, లాగకూడదు. పాతబడిన ప్లాస్టిక్ గాజులా ఉంటుంది. ఇక్కడ ఊపిరి బిగబట్టే పని చేశాను.

కొత్త స్క్రీన్ పాతదానికంటే రవ్వ పెద్దది, మందం కూడా ఎక్కువే. లోపలి ప్లాస్టిక్ గోడలు కొన్ని తీసేయాలి. దీనికోసం ముందే కోసిన కొత్త షెల్స్, అంటే పై ప్లాస్టిక్ డొప్పలు, దొరుకుతాయి. అది వద్దనుకున్నాను. మూలన ఆ గీత నేను డాబా మెట్ల మీద పడినప్పుడు పడింది, ఆ షెల్ పారేయలేను. కటింగ్ ప్లేయర్‌తో కొద్దికొద్దిగా కొరికి, ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా చేశాను. ఒకచోట తొందరపడి పెద్ద ముక్క కొరికితే ముందు వైపుకి వెంట్రుకంత పగులు వచ్చింది. లోపలి నుంచి జిగురు పట్టించి, గంటసేపు క్లిప్పు పెట్టి ఆపాను. వెలుగులో పట్టి చూస్తే తప్ప కనిపించదు.

వెలుగు తగ్గించి పెంచుకోవడానికి మూడు సన్నటి వైర్లు ఎల్, ఆర్, సెలెక్ట్ బటన్ల టెర్మినళ్ళకి సోల్డర్ చేయాలి. టెర్మినల్ ఆవగింజంత ఉంటుంది. ముందు ఫ్లక్స్ రాసి, వైరు కొసకి సోల్డర్ పట్టించి, ఐరన్‌ని ఒక్క క్షణం తాకించి తీసేయడమే. రెండు మొదటిసారికే కుదిరాయి. మూడోది పక్కకి కారితే తుడిచి మళ్ళీ పెట్టాను.

అంతా మూసి, లైట్లన్నీ ఆర్పేసి, స్విచ్ జరిపాను.

కోట వెలిగింది. అన్నయ్య మొహం వాడిపోయిన ఆ రోజు చూడాల్సింది ఇది. అదే క్యాటకోంబ్‌లోకి దిగాను. వెనక గోడలో రాయికీ రాయికీ మధ్య అతుకులున్నాయి. నీడ ఒక వైపే పడుతోంది. నేథన్ కొరడా ఝుళిపిస్తే గొలుసు వంపు తిరిగే తీరు ఫ్రేము ఫ్రేముకీ తెలుస్తోంది. గబ్బిలం మూల నుంచి దిగుతుంటే కనబడింది, దెబ్బ తగలకుండా కొట్టాను. ఆడుతూ పన్నెండు దాటేసింది.

మూడో వారం: వెలుగులో కోట

నాలుగు రాత్రులు వరసగా ఆడాక మొదటి తీర్పు ఇవ్వగలను. ఈ ఆట చీకటి లోపం కాదు, దాని బలం. గదిలో లైట్లు ఆర్పి ఆడితే ఆ ముదురు రంగులే ఊపిరాడనివ్వని బరువు తెస్తాయి. కథ 1830లో నడుస్తుంది. కెమిల్లా అనే పిశాచి డ్రాక్యులాని లేపుతుంది. వేటగాడు మోరిస్ బాల్డ్‌విన్, కొడుకు హ్యూ, శిష్యుడు నేథన్ ముగ్గురూ ఆపడానికి వస్తారు. నేల కూలి కుర్రాళ్ళిద్దరూ పాతాళంలో పడతారు, గురువు బందీ అవుతాడు. నిండు పున్నమికి ఆయన్ని బలిస్తే డ్రాక్యులా పూర్తి శక్తి పొందుతాడు. కింద నుంచి పైకి ఎక్కుతూ పోవడమే ఆట. చీకట్లోంచి చంద్రుడి వైపు వెళ్ళే ఈ ప్రయాణానికి ఆ రంగులే సరైనవి. తర్వాతి ఆటలో రంగులు పెంచడం ఆనాటి స్క్రీన్‌కి మందే కావచ్చు, ఈ కోటలోని బరువు మాత్రం అక్కడ లేదు.

అయితే వెలుగు ఒక్క మంచినే చూపించదు. పాత స్క్రీన్ దాచిపెట్టిన బలహీనతలూ బయటపడ్డాయి. నేథన్ బొమ్మ చిన్నది, నడకలో ఫ్రేములు తక్కువ, కొయ్యబొమ్మ నడిచినట్టుంటుంది. శత్రువులు చాలామంది పాతవాళ్ళే, రంగు మార్చుకుని మళ్ళీ వస్తారు. పొడవాటి నడవాల్లో ఒకే గది ముక్క మళ్ళీ మళ్ళీ అతికించినట్టు తెలిసిపోతుంది. డాబా మీద ఆడిన కుర్రాడికి ఇవేవీ కనబడలేదు.

పాటల గురించి. సిరీస్‌లోని పాత ఆటల బాణీలు చాలా ఇందులో తిరిగొస్తాయి, కొత్తవీ ఉన్నాయి. ఈ మెషిన్‌లో పాత గేమ్‌బాయ్ నుంచి వచ్చిన నాలుగు సౌండ్ ఛానెళ్ళతో పాటు, రికార్డు చేసిన శబ్దం వినిపించే ఛానెళ్ళు రెండున్నాయి. ఆ రెండిటినీ ఇంత నిండుగా వాడిన మొదటి ఆటల్లో దీన్ని చెప్పాలి. చర్చి గంటలు, తీగల వాద్యాలు గోలీసోడా మూతంత స్పీకర్‌లోంచే వస్తున్నాయి, అయినా గది నిండుతోంది. తర్వాతి ఆటలో సంగీతం పల్చబడిపోయిందని అభిమానులు ఇప్పటికీ బాధపడతారు, ఆ బాధ న్యాయమైనదే.

అందుకే నా మెషిన్‌లో కొత్తగా వచ్చిన జుయ్యిమనే శబ్దం నన్ను వదలట్లేదు. స్క్రీన్ పవర్ లైన్ నుంచి స్పీకర్‌లోకి దూరుతోంది. పాట ఆగిన గదుల్లో బాగా తెలుస్తోంది. మళ్ళీ విప్పి, వెలుగు వైర్లని స్పీకర్‌కి దూరంగా తిప్పి టేప్ వేశాను. సగం తగ్గింది. మిగతా సగం సంగతి తర్వాత చూడాలి. ఛార్జింగ్ పెన్సిల్ సెల్స్‌తో ఆరు గంటలు వస్తోంది. పదిహేను నుంచి ఆరుకి పడింది, ఆ వెలుగుకి అది సమంజసమైన ధరే.

నాలుగో శనివారం: కార్డులు

ఈ ఆట గుండెకాయ దగ్గరికొచ్చాను.

డ్యూయల్ సెటప్ సిస్టం అని పేరు. మొత్తం ఇరవై కార్డులు. పది రోమన్ దేవతలవి, పది పురాణ జంతువులవి. ఒక దేవత కార్డు, ఒక జంతువు కార్డు కలిపి ఎల్ బటన్ నొక్కితే ఒక శక్తి. పది పదులు నూరు శక్తులు. మెర్క్యురీతో సాలమాండర్ కలిపితే కొరడా నిప్పు కక్కుతుంది. జంతువు మార్చి సర్పెంట్ పెడితే అదే కొరడా మంచుగా మారుతుంది. మార్స్ కార్డు కొరడా తీసేసి వేరే ఆయుధం చేతికిస్తుంది. యురేనస్ పెద్ద జీవుల్ని రప్పిస్తుంది. ఒక జత పెడితే నేథన్ తనే అస్థిపంజరం అయిపోతాడు, ఎముకలు విసురుతాడు, ఒక్క దెబ్బకే చస్తాడు. ఆలోచన ఇంత తేలికైనది, ఫలం ఇంత పెద్దది. కొత్త కార్డు చేతికొస్తే పాతవన్నీ మళ్ళీ కొత్తవవుతాయి, ఒక్క కార్డుకి పది కొత్త ప్రయోగాలు. 2001లో అరచేతిలో పట్టే కార్ట్రిడ్జ్‌లో ఇది పెట్టారంటే నాకు ఈ రోజుకీ ఆశ్చర్యమే.

కానీ ఆ కార్డులు ఎలా వస్తాయి? శత్రువుల్ని చంపితే వస్తాయి. ఏ శత్రువు దగ్గర ఏ కార్డుందో ఆట చెప్పదు. ఉన్నవాడిని చంపినా ప్రతిసారీ ఇవ్వడు, అదృష్టం. అంటే ఆటలోని అతి గొప్ప విషయం ఆడేవాడి చేతికి అందుతుందో లేదో ఎవరికీ తెలియదు.

నా కూతురికి పదకొండేళ్ళు. మొన్నటి నుంచి పక్కన కూర్చుని చూస్తోంది. ఈ రోజు మెషిన్ దానికిచ్చి, ఫలానా అస్థిపంజరం దగ్గర కార్డుందని చెప్పాను. కొట్టింది. రాలేదు. గది బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తే శత్రువులు మళ్ళీ పుడతారని చూపించాను. వెళ్ళింది, వచ్చింది, కొట్టింది. నోట్‌బుక్‌లో ఒక్కో చావుకి ఒక గీత పెడుతూ ఐదేసి గీతల కట్టలు కట్టింది. రెండు పేజీలు నిండాయి.

"నాన్నా, వీడి దగ్గరే ఉందని నీకెలా తెలుసు?"

"నెట్‌లో చదివానమ్మా."

"మరి నువ్వు చిన్నప్పుడు?"

చిన్నప్పుడు తెలియదు. ఆ సంవత్సరమంతా ఆడి ఆరు కార్డులతో ఆట ముగించాను. నూరు శక్తుల్లో నాకు దక్కినవి తొమ్మిదే. మూడు దేవతలు, మూడు జంతువులు, అంతే. మిగతా తొంభై ఒకటి అదే కార్ట్రిడ్జ్‌లో, నా చేతిలోనే ఉన్నాయి, నాకు తెలియలేదు. ఈ లెక్క కూతురికి చెప్తుంటే గొంతు కొంచెం పట్టేసింది.

కార్డు చివరికి వచ్చింది. నా కూతురు ఎగిరి గంతేసింది. సంతోషమే, కానీ ఆ సంతోషం ఆటలో నేర్పు చూపించినందుకు రాలేదు, విసుగు తీరినందుకు వచ్చింది. ఆ రెండూ ఒకటి కావు. 2021లో కొనామి ఈ ఆటని అడ్వాన్స్ కలెక్షన్‌లో మళ్ళీ విడుదల చేసినప్పుడు, శత్రువు దగ్గర కార్డుంటే తెరమీద సూచన చూపించే సదుపాయం పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత చేసిన ఆ చిన్న మార్పు అసలు లోపం ఎక్కడుందో ఒప్పుకున్నట్టే. ఇదే సిరీస్‌లో 2003లో వచ్చిన ఆరియా ఆఫ్ సారోలో కూడా శత్రువుల ఆత్మలు అదృష్టం మీదే దొరుకుతాయి. కాకపోతే అక్కడ దాదాపు ప్రతి శత్రువు దగ్గరా ఒకటుంది, ఏదో ఒకటి తరచుగా చేతికొస్తూనే ఉంటుంది. ఇక్కడ ఇరవై కార్డులు ఇరవై గదుల్లో దాచి తాళాలు పారేసినట్టుంది.

వెలుగు పెంచినా ఈ లోపం మారదు. ఇది మెషిన్ మీదకి నెట్టలేనిది.

ఐదో వారం: బొటనవేలు

నేథన్ మామూలు నడక చాలా నెమ్మది. ఆట మొదట్లోనే డాష్ బూట్స్ దొరుకుతాయి, అప్పటి నుంచి పరుగెత్తొచ్చు. పరుగెత్తాలంటే దిశ బటన్‌ని గబగబా రెండుసార్లు నొక్కాలి. ప్రతిసారీ. దూకి దిగాక మళ్ళీ రెండుసార్లు, వెనక్కి తిరిగితే మళ్ళీ రెండుసార్లు. మూడు వారాల్లో నా ఎడమ బొటనవేలు కణుపు దగ్గర వాచింది. రెండు రోజులు ఆట ఆపి, పడుకునే ముందు వేడి నీళ్ళలో పెట్టాను. కూతురైతే మొదటి గంటలోనే, "నాన్నా, వీడు ఎప్పుడూ పరుగెత్తితే పోయేదిగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ఆటలో డాష్‌ని ఎల్, ఆర్ బటన్లకి ఇచ్చారు, వేలు ఒక్కసారి నొక్కితే చాలు.

దూకడం, కొట్టడం మాత్రం గట్టిగా, లెక్కగా ఉంటాయి. బటన్ పట్టి ఉంచితే కొరడా గిర్రున తిరుగుతూ ఎదురొచ్చే రాళ్ళని ఆపుతుంది. శత్రువుల స్థానాలు చూసి పెట్టినవి. తొందరపడినవాడికి శిక్ష, ఆగి చూసినవాడికి దారి. సెర్బెరస్ అనే నరకపు కుక్కని మొదటిసారి ఎదుర్కొన్నప్పుడు ఐదుసార్లు చచ్చాను. ఆరోసారి దాని దూకుడుకి ముందు వచ్చే చిన్న విరామం పట్టుకున్నాను. అది పడ్డాక గాల్లో రెండోసారి దూకే శక్తి వస్తుంది, అప్పటిదాకా అందని అంచులన్నీ గుర్తొస్తాయి. ఎక్కడెక్కడ తలెత్తి చూసి వదిలేశానో అక్కడికి పరుగు. ఈ తరహా ఆటల్లో ఉండే అసలు రుచి ఇది, ఇక్కడ బాగా కుదిరింది.

కష్టం మాత్రం సమంగా పెరగదు. కోటలో దుకాణం లేదు. మందులు కొనుక్కునే దారి లేదు, శత్రువులు పడేసినవే గతి. భూగర్భ జలమార్గానికి వచ్చేసరికి మంచు కవచాల శత్రువులు రెండు మూడు దెబ్బల్లో ముగించేస్తారు. ఆ పక్క గదుల్లో తిరుగుతూ లెవెల్ పెంచుకోవాల్సి వచ్చింది. రెండు సాయంత్రాలు దానికే పోయాయి.

ఆరో వారం: హ్యూ, అరీనా, డ్రాక్యులా

కథలో నాకు అన్నిటికంటే నచ్చినవాడు హ్యూ. గురువు కన్నకొడుకు. తండ్రి మాత్రం శిష్యుడికి వారసత్వపు కొరడా ఇచ్చాడు. పాతాళంలో పడగానే "నువ్వు అడ్డు రాకు" అన్నట్టు నేథన్‌ని వదిలేసి పోతాడు. అన్నదమ్ముల్లాంటి ఇద్దరి మధ్య ఒకరికి దక్కిన నమ్మకం ఇంకొకరికి ముల్లు. ఎంత మంచి విత్తనం! కానీ ఆట మొత్తంలో వాడు కనిపించేది కొన్నిసార్లే, మాట్లాడేది నాలుగు ముక్కలే. చివర్లో వాడితో పోరాడాల్సి వచ్చినప్పుడు బాధ కలగాలి. కలిగింది కానీ, ఆ బాధలో సగం నేను ఊహించుకున్నది. ఈ కథకి ఇంకో పది సంభాషణలు ఇచ్చి ఉంటే ఎక్కడికో వెళ్ళేది.

బ్యాటిల్ అరీనా: పదిహేడు గదులు, లోపల మంత్రశక్తి సున్నా, కార్డులు పనిచేయవు. పన్నెండో గదిలో ఆగిపోయాను. ముగింపుకి అది తప్పనిసరి కాదు కాబట్టి వదిలేశాను.

డ్రాక్యులా రెండో రూపం దగ్గర మూడు రాత్రులు పట్టింది. మూడో రాత్రి ఒంటి గంటకి పడ్డాడు. దుప్పట్లో కూర్చుని, స్పీకర్ శబ్దం తగ్గించి, ఇంట్లో అందరూ నిద్రపోతుండగా. చిన్నప్పుడు ఈ దృశ్యాన్ని ట్యాంకు నీడ జరిగే కొద్దీ నేనూ జరుగుతూ చూశాను.

ముగించాక పేరు రాసే చోట ఫైర్‌బాల్ అని ఇంగ్లీషులో కొడితే మెజీషియన్ రూపంలో ఆట మళ్ళీ మొదలవుతుంది. అందులో కార్డులన్నీ మొదటి నుంచీ చేతిలోనే ఉంటాయి. కార్డుల కష్టం తీర్చే మందు ఆటలోనే ఉంది, కానీ ఆట మొత్తం అయ్యాక ఇచ్చారు. నాకు చేతనైతే దీన్ని మొదటి రోజే ఇచ్చేవాణ్ణి.

ఆదివారం రాత్రి

అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. ఏం చేశానో ముందు చెప్పలేదు. గదిలో లైటు ఆర్పి, ఫోను కెమెరా ముందు గేమ్‌బాయ్ పట్టుకుని స్విచ్ జరిపాను. టింగ్‌మంది.

"ఒరేయ్, అది నేను తెచ్చిందేనా?"

"అదే అన్నయ్యా."

"వెలుగుతోందేంట్రా?"

స్క్రీన్ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మెజీషియన్ రూపంలో కూతురు ఆడుతోంది. క్యాటకోంబ్‌లో నడుస్తూ మెర్క్యురీ, సాలమాండర్ కలిపి ఎల్ నొక్కింది, కొరడా భగ్గుమంది. తర్వాత సాలమాండర్ తీసి సర్పెంట్ పెట్టింది, కొరడా తెల్లగా గడ్డకట్టింది.

"ఇవన్నీ అప్పుడు కూడా అందులో ఉన్నాయా?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి."

"పాడైన పీస్ తెచ్చానని ఎంత బాధపడ్డానో తెలుసా."

కూతురు ఫోన్ వైపు తిరగకుండానే, "పెదనాన్నా, ఇప్పుడు థండర్‌బర్డ్ పెడుతున్నా చూడండి" అంది. ఎల్ నొక్కింది.